ఇందు సేవ్ చేసిన పొలం

జూన్ 29, ఆదివారం

ఈరోజు కూడా మాట్లాడలేదు.

పుంగనూరులో వెంకటరమణప్ప గారిల్లు. ఆయన తేజస్వినికి మేనమామ, రిటైరైన హెడ్మాస్టరు. నేను మదనపల్లె నుంచి వస్తాను. నా భార్య తేజస్విని కుప్పం నుంచి మా పాప ఇందును తీసుకొస్తుంది. పుంగనూరు మధ్యలో ఉంది కాబట్టి ఆ ఇల్లు కుదిరింది. విడాకుల కేసు తేలేవరకు ప్రతి ఆదివారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా పాపను తండ్రికి చూపించాలని కోర్టు ఆర్డరు. చూపించారు. చూశాను.

పాపకు పదకొండేళ్లు. ఆరో తరగతి. సోఫాలో ఆ చివర కూర్చుని జడకున్న రబ్బరు బ్యాండును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ రెండు గంటలు గడిపింది. స్కూల్ ఎలా ఉందంటే భుజాలెగరేసింది. తిన్నావా అంటే తలూపింది. ఐస్‌క్రీమ్ తీసుకెళ్లాను, అది టీపాయ్ మీద కరిగి నీళ్లయింది. పెద్దాయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు గానీ ఒక్క పేజీ తిప్పలేదు. ఆయన భార్య బయ్యమ్మ బొరుగులు తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టి, తినండమ్మా, మెత్తబడిపోతాయి అంది. మెత్తబడిపోయాయి. తేజస్విని వంటింట్లోంచి బయటికి రాలేదు.

పదిహేను నెలలైంది పాప నాతో మాట్లాడి. పోయిన ఏడాది మార్చిలో పాప టాబ్‌లో ఏదో గేమ్ ఆడుతూ ఉంటే నేను అరిచాను. టాబ్ చేయి జారి గోడకు తగిలి పగిలింది. జరిగింది అంతే.

తిరుగు బస్సులో ఉండగా లాయరు దామోదర్ ఫోన్ చేశాడు. ఆగస్టు ఆరున కుప్పం కోర్టులో వాయిదా. జడ్జి మేడం పాపను ఒంటిగా లోపలికి పిలిచి, నాయన్ని కలవాలని ఉండాదా లేదా అని అడుగుతాదంట అన్నాడు. పాప వద్దంటే ఈ ఆదివారాలు కూడా ఉండవన్నా, ముందే సెప్తాండా అన్నాడు.

ఇంకా ఐదు ఆదివారాలున్నాయి.

జూలై 1, మంగళవారం

ఆసుపత్రిలో నా పని ఎక్స్‌రే తీయడం. రోజుకు నలభై మందికి ఒకే మాట చెబుతాను: కదలొద్దు, ఊపిరి బిగబట్టండి. వాళ్లంతా వింటారు. నా మాట నేనే వినను.

ఈరోజు కలికిరి నుంచి ఒకాయన వాళ్లమ్మను తుంటి ఎక్స్‌రేకి తీసుకొచ్చాడు. అమ్మ లోపల బల్ల మీద, కొడుకు బయట బెంచీ మీద ఫోన్‌లో ఆట. ఆ సంగీతం చెవిన పడగానే నా చేయి ఆగిపోయింది. ట్యాంకుల ఆట! ఎనిమిదో తరగతిలో మదనపల్లె బస్టాండు వెనక ఒక గదిలో గంటకు ఐదు రూపాయలిచ్చి ఆడిన ఆట. మా నాయన కొండప్ప టమోటా తోటల్లో కూలికి పోయేవాడు. సెలవుల్లో నేను గంపలు మోసి సంపాదించిందంతా ఆ గదిలోనే పోసేవాణ్ని. క్యాసెట్ పని చేయకపోతే నోటితో ఊది మళ్లీ పెట్టేవాళ్లం. ఆ రోజుల్లో నాకు ఇంత కోపం ఉండేది కాదు. ఉన్నా ఆ బటన్ల మీదే పోయేదేమో.

ఎక్స్‌రే అయ్యాక అతన్ని అడిగాను. ఎమ్యులేటర్ అన్నా అన్నాడు. పాత టీవీ గేమ్ మిషన్ ఎలా పని చేసేదో అచ్చం అలాగే నటించే సాఫ్ట్‌వేర్. ఫోన్‌లో వేసుకోవచ్చు, లేదంటే అందుకోసమే చేసిన చేతి డబ్బాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఒక్క మెమరీ కార్డులో వేల ఆటలుంటాయి అన్నాడు.

గేమ్ వల్ల పోయిన పాపను గేమ్‌తో పిలవాలనుకోవడం పిచ్చితనమే. ఆర్డర్ పెట్టాను.

జూలై 5, శనివారం

డబ్బా వచ్చింది. అరచేయంత ఉంది. ట్యాంకుల ఆట పెట్టి మూడో లెవెల్లో చచ్చాను. నవ్వొచ్చింది. ఈ ఇంట్లో నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

జూలై 6, ఆదివారం

ఇచ్చి బతిమాలితే తీసుకోదని తెలుసు. అందుకని సోఫాలో కూర్చుని నా పాటికి నేను ఆడుకున్నాను. ఘోరంగా ఓడిపోయాను. పాప చూడలేదు. కానీ రబ్బరు బ్యాండు చుట్టడం ఆగిపోయింది.

పన్నెండు దాటాక డబ్బాను సోఫా మధ్యలో పెట్టి పెరట్లోకి వెళ్లి మొహం కడుక్కున్నాను. ఊరికే పది నిమిషాలు అక్కడే నిలబడ్డాను. బయ్యమ్మ చూసి, నీళ్లు రాలేదా నాయనా అంది. తిరిగొచ్చేసరికి డబ్బా పాప చేతిలో ఉంది!

నేను పెట్టిన ఆట కాదు. లిస్టులో ఎక్కడో అడుగున ఉన్న పొలం ఆట వెతికి పట్టింది. ఒక కుర్రవాడికి తాత పొలం వస్తుంది. అంతా రాళ్లూ కలుపూ. వాడు దున్నాలి, విత్తాలి, నీళ్లు పోయాలి, సాయంత్రానికి అలిసిపోయి పడుకోవాలి. తుపాకులు లేవు, ట్యాంకులు లేవు. మా నాయన చూసుంటే, చేసే కూలి చాలకనా దీన్ని కూడా ఆడేది అనేవాడు.

ఒంటిగంటకు డబ్బాను నా వైపు జరిపింది. కుప్పంలో పాపకు స్క్రీన్లు లేవు, అది తేజస్విని షరతు. అందుకని వారమంతా డబ్బా నా దగ్గరే ఉంటుంది.

బస్సెక్కాక ఒక పని చేశాను. ఎమ్యులేటర్‌లో సేవ్ స్టేట్ అని ఒకటుంది. ఆట ఏ క్షణంలో ఉందో ఆ క్షణాన్ని ఉన్నదున్నట్టు పట్టి దాచేస్తుంది, నా ఎక్స్‌రేలాగా. మొదటి రోజు గుర్తుగా ఆ రాళ్ల పొలాన్ని ఒకటో నంబరులో దాచుకున్నాను.

జూలై 7, సోమవారం

పాప ఆటను ముట్టుకోలేదు. ముట్టుకోను.

జూలై 13, ఆదివారం

నేను కూర్చోకముందే చేయి చాపింది. మాట లేదు, చేయి మాత్రం చాపింది. డబ్బా ఆన్ చేసి ఆ చేతిలో పెట్టాను.

ఈ ఆటలో సేవ్ చేయడానికి ఒక పద్ధతుంది. రాత్రయ్యాక కుర్రవాడు మంచం పక్కన పుస్తకంలో డైరీ రాసి పడుకోవాలి. రాస్తేనే ఆ రోజు మిగులుతుంది. రాయడానికి ఒక్కటే పుస్తకం. పాప ప్రతిసారీ ఓపిగ్గా రాయించి పడుకోబెట్టింది.

ఒకసారి విత్తనాలు దారిలో చల్లేసింది. ఇలాంటి తప్పులకు ఎమ్యులేటర్‌లో వెనక్కి తిప్పే బటన్ ఉంది, పది సెకన్లు వెనక్కి పోతుంది. సాయం చేద్దామని నొక్కబోయాను. పాప నా చేయి పట్టుకుని పక్కకు తీసేసింది. జరిగింది జరిగినట్టే ఉండాలని కాబోలు.

పదిహేను నెలల తర్వాత పాప నన్ను ముట్టుకుంది. అది కసురుకోవడమే అయినా సరే.

జూలై 20, ఆదివారం

టమోటాలు కాశాయి. అమ్మింది. ఆ ఆటలో టమోటా రేటు పడదు. ఈ రోజున్న ధరే రేపు కూడా. అది చూసి వెంకటరమణప్ప పేపరు దించి, అట్లాంటి మార్కెట్టు యాడుండాదప్పా, మనోళ్లనంతా అక్కడికే పంపిద్దాం అన్నాడు. పాప పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుంటోంది!

ఆ డబ్బుతో ఆవును కొంది. దానికి పేరు పెట్టమని ఆట అడిగితే ఒక్కో అక్షరం వెతికి నొక్కింది. అప్పుడు పాప పెదాలు కదిలాయి, ఎడమ కనుబొమ్మ పైకి లేచింది, ముక్కు పక్కన చిన్న మడత పడింది. ఆ మడత పుట్టినప్పటి నుంచీ ఉంది. ఉందనే మర్చిపోయాను.

తేజస్విని వంటింటి గుమ్మం దాకా వచ్చి చేతిలో లోటాతో అలాగే నిలబడింది. నేను తలెత్తగానే లోపలికి వెళ్లిపోయింది.

జూలై 22, మంగళవారం

దామోదర్ మళ్లీ ఫోన్. టాబ్ సంగతి ఎవురడిగినా చేయి జారిందనే సెప్పన్నా, వేరే మాట నోట్లోంచి రాకూడదు, అవతల లాయరు దానికోసమే కాసుకోనుండాడు అన్నాడు. సరే అన్నాను. అది నేను ఎప్పటినుంచో చెబుతున్న మాటేగా.

జూలై 27, ఆదివారం

నాకు చెప్పలేదు. నాకు వినబడేటట్టు బయ్యమ్మకు చెప్పింది.

అవ్వా, ఆవు సూలుతో ఉండాది, ఇంగ నాలుగు దినాల్లో ఈనుతాది, వచ్చే ఆదివారం దూడ పుడతాది అంది. ఆ నాలుగు దినాలు ఆటలోవి, మళ్లీ ఆడితే గానీ గడవవు. బయ్యమ్మ నిజం ఆవే అనుకుంది. జున్నుపాలు తీసుకురా తల్లీ అంది. పాప పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారి నా వైపు చూసింది. నేనున్నానని గుర్తొచ్చి ఆపేస్తుందేమో అనుకున్నాను. ఆపలేదు.

ఒంటిగంటకు డైరీ రాయించి, కుర్రవాణ్ని పడుకోబెట్టి, డబ్బాను నా చేతికిచ్చింది. సోఫా మధ్యలో పెట్టలేదు. చేతికిచ్చింది.

వచ్చే ఆదివారం దూడ. ఆ తర్వాత బుధవారం కోర్టు. ఇప్పుడు పాప వద్దనదు. అనదనే అనుకుంటున్నాను.

జూలై 31, గురువారం, సాయంత్రం 6.10

ఏం చేశానో రాయడానికి చేయి రావడం లేదు.

డ్యూటీ దిగి వచ్చాక ఆవు ఈనేటప్పుడు ఏం చేయాలో నేర్చుకుందామనుకున్నాను. పాప తడబడితే సాయం చేయొచ్చు కదా. పాప సేవ్ చేసింది తీయలేదు. ముట్టుకోనన్నాను, ముట్టుకోలేదు. బస్సులో దాచుకున్న ఆ ఒకటో నంబరు స్టేట్, ఆ రాళ్ల పొలం, అది తీశాను. అది వేరు, పాపది వేరు అనుకున్నాను. పక్క గదిలో ఆడుకుంటే ఈ గదిలో సామాను కదలదు కదా.

గంటసేపు రాళ్లు ఏరాను. కుర్రవాడు అలిసిపోయాడు, పడుకోబెట్టాను. డైరీ రాయమంటావా అని ఆట అడిగింది. ఆసుపత్రిలో ప్రతి ఫిల్మ్‌కూ వెంటనే సేవ్ నొక్కడం పన్నెండేళ్ల అలవాటు. నొక్కాను.

ఆట కట్టేసి మళ్లీ తెరిచాను. రాళ్ల పొలమే వచ్చింది. మళ్లీ తెరిచాను. రాళ్లే.

ఇంటర్నెట్‌లో చదివితే ఇప్పుడు తెలిసింది. పాత స్టేట్ తీస్తే ఆటలోని ఆ డైరీ పుస్తకం కూడా ఆ పాత రోజుకు వెనక్కి పోతుందట. అక్కడ పడుకుని రాస్తే, ఆ రాత పాప రాసిన దాని మీదే పడుతుందట. దీనికి మందు లేదు. ఇలా చాలామంది పోగొట్టుకున్నారు, చాలామంది ఏడ్చారు.

నాలుగు ఆదివారాలు. టమోటాలు. ఆవు. కడుపులో దూడ.

6.40

డబ్బా పైకెత్తాను. ఎత్తింది నేనే. గోడ ఎదురుగానే ఉంది. చెవుల్లో ఆ పాత హోరు, అన్నీ పగలగొడితే గానీ ఆగని హోరు.

వంటింట్లోకి పరిగెత్తి బియ్యం డ్రమ్ము మూత తీసి, డబ్బాను అందులో పడేసి, మూత పెట్టి, దాని మీద కూర్చున్నాను. ముప్పై తొమ్మిదేళ్లవాణ్ని, డ్రమ్ము మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. కదలొద్దు. ఊపిరి బిగబట్టు.

7.30

దిగాను. హాల్లోకి వెళ్లి క్యాలెండరు తీసేశాను. దాని వెనక గోడలో గుంట ఉంది, టాబ్ మూల దిగిన చోటు. పోయిన ఏడాది మార్చిలో ఆ గుంట మీద నేనే క్యాలెండరు తగిలించాను.

జారలేదు. విసిరాను.

భోజనానికి పిలిస్తే పాప, రెండు నిమిషాలు నాన్నా అంది. లాక్కుని విసిరాను. మర్నాడు తేజస్విని పుట్టింటివాళ్లంతా వచ్చినప్పుడు చేయి జారిందని అందరి ముందూ చెప్పాను. పాప అక్కడే, తలుపు పక్కనే నిలబడి ఉంది. నా మొహంలోకి చూసింది. ఆ రోజు నుంచే మాట లేదు. టాబ్ పగిలినందుకనే ఇన్నాళ్లూ నన్ను నేను నమ్మించుకున్నాను. ఈ డైరీలో కూడా జారిందనే రాశాను. ఎవరూ చదవని డైరీలో.

ఆగస్టు 1, శుక్రవారం

సెలవు పెట్టాను. ఆదివారంలోపు పాప పొలాన్ని మళ్లీ కట్టేస్తాను. పాపకు తెలియక్కర్లేదు.

ఎమ్యులేటర్‌లో ఆటను నాలుగింతలు వేగంగా పరిగెత్తించొచ్చు. మధ్యాహ్నానికి రాళ్లు తీశాను, టమోటా వేశాను. వీడియోలు చూసి ఏ రోజు ఏం చేస్తే ఎంతొస్తుందో నేర్చుకున్నాను. సాయంత్రానికి డబ్బు వచ్చింది. ఆవును కొన్నాను.

పేరు పెట్టమంది.

డబ్బా చేతిలో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. పాప ఏం పేరు పెట్టింది? టమోటా మడి ఇంటికి కుడివైపా, ఎడమవైపా? కంచె కట్టిందా? ఏదీ గుర్తు లేదు. పెదవి కొరుక్కోవడం గుర్తుంది. కనుబొమ్మ గుర్తుంది. ముక్కు పక్కన మడత గుర్తుంది. ఎనిమిది గంటలు పాప పక్కన కూర్చున్నాను, ఒక్కసారి కూడా స్క్రీన్ సరిగ్గా చూడలేదు.

సిగ్గు విడిచి వెంకటరమణప్పకు ఫోన్ చేశాను. ఆవుకు పేరు పెట్టిందప్పా, నేను సూస్తానే ఉండా, కానీ అద్దాలు వంటింట్లో ఉండిపోయినాయి అన్నాడు. యాల అడుగుతాండావు అన్నాడు. ఊరికే అన్నాను.

ఆగస్టు 2, శనివారం

అయిపోయింది. ఆవు చూలుతో ఉంది, ఇంకా నాలుగు రోజులు. డబ్బు కూడా ఉజ్జాయింపుగా అంతే. ఆవుకు గౌరి అని పెట్టాను, ఇంగ్లీషు అక్షరాల్లో. మా నాయన కూలికి పోయే చోట గౌరి అనే ఆవు ఉండేది.

పాప అడిగితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. మెమరీ కార్డులో లోపం, పేర్లు మారిపోతుంటాయి, డబ్బా చవకరకం అని చెబుతాను. నమ్ముతుంది. పదకొండేళ్ల పిల్ల. బుధవారం ఒక్కటి దాటితే చాలు.

అద్దం ముందు చెప్పి చూసుకున్నాను. చాలా సహజంగా వచ్చింది. ఇంత సహజంగా అబద్ధం ఆడటం ఎక్కడ నేర్చుకున్నానో.

ఆగస్టు 3, ఆదివారం, ఉదయం 9.20, బస్సులో

నిజం చెబితే పాప వద్దంటుంది. టాబ్ సంగతి కూడా చెబితే వంటింట్లో తేజస్విని వింటుంది, బుధవారం కోర్టులో అదే నా మెడకు చుట్టుకుంటుంది. చెప్పకపోతే పాప మొదటి స్క్రీన్‌లోనే కనిపెడుతుంది, లేదా కనిపెట్టదు. కనిపెట్టకపోవడమే ఎక్కువ భయంగా ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పుంగనూరు వచ్చేసింది.

మధ్యాహ్నం 2.30, తిరుగు బస్సులో

వరసగా రాస్తాను.

పాప గుమ్మంలోనే నిలబడి ఉంది, ఎప్పుడూ అలా నిలబడలేదు. చేయి చాపింది. డబ్బా ఇచ్చాను. ఆన్ చేయబోయింది. ఆగు అన్నాను.

కార్డులో లోపం అని మొదలుపెట్టాను. నిజంగానే మొదలుపెట్టాను, సగం వాక్యం అయింది కూడా. పాప నా మొహంలోకి చూసింది. ఆ రోజు తలుపు పక్కన నిలబడి చూసిన చూపే. నా నోరు దానంతటదే ఆగిపోయింది.

కాదమ్మా, నీ పొలం నేనే పోగొట్టాను అన్నాను. పాత స్టేట్ తీసి, దాని మీద పడుకోబెట్టి, డైరీ రాయించేశాను, నీ ఆవు పోయింది, దూడ పోయింది, ఇందులో ఇప్పుడున్నది నేను కట్టిన దొంగ పొలం అన్నాను. ఇంకొకటి కూడా ఉంది అన్నాను. ఆ టాబ్ నా చేయి జారలేదు, నేనే విసిరాను, అందరి ముందూ అబద్ధం చెప్పాను, నువ్వు చూశావని నాకు తెలుసు, తెలిసే చెప్పాను అన్నాను.

వెంకటరమణప్ప చేతిలో పేపరు కింద పడింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. తేజస్విని గుమ్మంలోకి వచ్చింది. ఇన్ని రోజులు లేంది ఇప్పుడు యాల సెప్తాండావు అంది. నాకూ తెలీదు అన్నాను.

పాప ఒక్క మాట అడిగింది.

పగలగొట్టినావా అని అడిగింది.

పదహారు నెలల తర్వాత విన్న గొంతు. కాస్త లావైంది. దేని గురించి అడిగిందో మొదట అర్థం కాలేదు. పాప డబ్బాను వెనక్కి తిప్పి చూస్తోంది. మూలలు చూసింది. స్క్రీన్ మీద వేలితో రాసి చూసింది. బటన్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది. స్పీకరు సందులో ఇరుక్కున్న దాన్ని గోటితో తీసి అరచేతిలో పెట్టుకుంది. బియ్యం గింజ.

పైకెత్తానమ్మా, విసరబోయాను, విసరలేక బియ్యం డ్రమ్ములో వేసి మూత పెట్టి దాని మీద కూర్చున్నాను అన్నాను. బయ్యమ్మ వెనక నుంచి, అయ్యో దేవుడా, డ్రమ్ము మీదా అంది. ఎవరూ నవ్వలేదు.

పాప ఆ గింజను నా చేతిలో పెట్టింది. సోఫాలో తన మూలకు వెళ్లి ఆన్ చేసింది. నా దొంగ పొలమంతా నెమ్మదిగా తిరిగి చూసింది. కొట్టంలోకి వెళ్లి ఆవు పేరు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మెనూకు పోయి కొత్త ఆట నొక్కింది. మళ్లీ రాళ్లు, మళ్లీ కలుపు. ఒంటిగంట దాకా రాళ్లేరింది. నేను పక్కన కూర్చుని ఈసారి స్క్రీనే చూశాను. వెళ్లేటప్పుడు పాప తిరిగి చూడలేదు.

మంచి జరిగిందో చెడు జరిగిందో తెలీదు. బియ్యం గింజ చొక్కా జేబులో ఉంది.

ఆగస్టు 4, సోమవారం

దామోదర్‌కు చెప్పాను. అయిదు నిమిషాలు తిట్టాడు. కొంప ముంచినావన్నా, ఆ మాట వాళ్ల నోట్లో నువ్వే పెట్టినావు అన్నాడు. తర్వాత ఇంగ దేవుడే దిక్కు అని పెట్టేశాడు.

ఆగస్టు 5, మంగళవారం

ఈరోజు ముప్పై ఆరు ఎక్స్‌రేలు. అందరికీ ఊపిరి బిగబట్టమన్నాను. వదలమని చెప్పడం ఒకామెకు మర్చిపోయాను. నాయనా, సచ్చిపోతాండా అంది.

ఆగస్టు 6, బుధవారం, కుప్పం, కోర్టు వరండా, 11.35

పాప లోపలికి వెళ్లింది. స్కూల్ యూనిఫాంలో ఉంది, రెండు జడలు, తెల్ల రిబ్బన్లు. తలుపు మూశారు. తేజస్విని ఆ బెంచీ మీద, నేను ఈ బెంచీ మీద. మధ్యలో ఎవరిదో కేసు తాలూకు మేకపిల్ల కట్టేసి ఉంది. అది రాయడానికి తప్ప నాకు ఇంకేం చేయాలో తోచడం లేదు.

11.50. ఇంకా రాలేదు.

12.05. వచ్చింది. నన్ను చూడలేదు. వాళ్లమ్మ పక్కన కూర్చుని నీళ్లు తాగింది.

సాయంత్రం 5, బస్సులో

ఆదివారాలు ఉంటాయి. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తారట. అంతవరకు ఉంటాయి!

దామోదర్ బయటికొచ్చి నా భుజం పట్టుకున్నాడు. జడ్జి మేడం చెప్పిందాన్ని బట్టి, నాయన్ని సూడాలా వద్దా అంటే పాప, ఈసారి పగలగొట్టలేదు, అబద్ధం మొదలుపెట్టి ఆపేసినాడు అనిందంట. టాబ్ గురించి తేజస్వినిని అడిగితే, మొన్న ఆయనే ఒప్పుకున్నాడు మేడం అని, ఆ ఒక్క మాటతో ఆపేసిందంట. ఇంగేమీ కలపలేదన్నా అన్నాడు.

వెళ్లబోతూ ఆగాడు. పాప ఇంగో మాట కూడా అనిందంట, కానీ ఆవు పేరు తప్పు పెట్టినాడు అని. ఆవేందన్నా అన్నాడు.

కుప్పం బస్టాండులో అందరి ముందూ ఏడ్చాను.

ఆగస్టు 10, ఆదివారం

12.50. ఇప్పుడే మళ్లీ ఆవును కొని, పేరు పెట్టి, పాప నీళ్లకు లేచింది. డబ్బా నా చేతిలో పెట్టింది. సేవ్ చేసి పెట్టు నాన్నా, వేరే ఏదీ ముట్టుకోవద్దు అంది.

12.51. సేవ్ చేశాను.

12.51. కదలలేదు.

12.52. ఆవు పేరు చదివాను. ఇక్కడ రాయను.

12.53. ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.

12.54. వచ్చింది. ముట్టుకోలేదు అన్నాను. తెలుసు అంది.